డిస్కులోని గట్లు, వాని పట్టికలు



ఈ దినము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము కంప్యూటరు డిస్కులలోని భాగములను గూర్చినది. ఒక యంత్రమున వ్రాసిన డిస్కును మరియొక యంత్రమునకు తగిలించినప్పుడు ఆ రెండవ యంత్రము దానిని ఒక్కొక్కసారి గుర్తింపకుండుటకు కారణమేమి? అట్టి సమయమున మనము చేయదగినదేమి, చేయరానిదేమి? ఇదియే నేటి ప్రసంగము. ఇది పడుచువారి విద్య గదా, మనకెందుకని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. పూర్వము భోషాణములో నుండెడి వస్తువులలో సగము నేడు డిస్కులలోనికి వచ్చినవి. పెండ్లి ఛాయాచిత్రములు, పోయినవారి కంఠస్వరములు, దస్తావేజుల నకళ్లు, ఊరి గుడి జమాఖర్చులు, అన్నియు చేతికి ఇమిడెడి చిన్న పెట్టెలో నున్నవి. ఆ పెట్టెను తగిలింపగనే యంత్రము తెర మీద ఒక ప్రశ్న వేయును: ‘ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలయును, చేయుదునా?’ అని. ప్రక్కనే ‘సరే’ అను మీట యుండును. ఆ మీటను నొక్కినవారి కష్టము నేను కన్నులార చూచితిని గనుకనే ఈ విషయమును ఎన్నుకొంటిని.

మొదట డిస్కు అననేమో చూతము. లోపలి యంత్రనిర్మాణము జోలికి నేను పోను. తిరుగుడు పళ్లెమైనను, తిరుగని చిప్పైనను మన ప్రసంగమునకు భేదము లేదు. యంత్రము కంటికి డిస్కు ఒక పొడుగాటి పొలము. అందులో సమానమైన మళ్లు వరుసగా ఉండును. సున్న మొదలుకొని ప్రతి మడికిని ఒక సంఖ్య. ఒక్కొక్క మడిలో 512 బైట్లు పట్టును. ఇంగ్లీషు అక్షరము ఒకటి ఒక బైటులో ఇమిడిపోవును గాని, నేడు వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిని మన తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లను ఆక్రమించును. కావున ఒక మడిలో నూట డెబ్బది తెలుగు గుర్తులు పట్టునని లెక్క. దుకాణములో ఒక టెరాబైటని అమ్మెడి డిస్కులో సాధారణముగా 195,35,25,168 మళ్లు ఉండును.

ఇంత పొలమును ఒకే చెక్కగా వాడుట అన్నివేళల వీలుపడదు. ఒక భాగమున యంత్రమును నడిపించెడి వ్యవస్థ యుండవలయును. దీనినే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. విండోస్, లినక్స్, ఆపిల్ వారి మాక్ వ్యవస్థ మొదలగునవి ఈ కోవలోనివి. వేరొక భాగమున మన సొంత కాగితములుండుట మేలు. కొందరు ఒకే డిస్కులో రెండు వ్యవస్థలను కాపురముంచుకొందురు. కావున డిస్కును భాగములుగా పంచవలసి వచ్చును. ఈ భాగమునకే పార్టిషన్ అని పేరు. అయితే పొలములో గట్టు కంటికి కనబడును, కాలికి తగులును. డిస్కులో గట్టనునది లేదు. ఎక్కడ ఏ భాగము మొదలై ఎక్కడ ముగియునో తెలిపెడి పట్టిక ఒకటి మాత్రమే గలదు. ఆ పట్టికయే గట్టు. అది చెరిగినచో పంట చేనిలో ఉండియు ఎవరి చేనో తెలియని స్థితి యగును.

ఆ పట్టికను ఎక్కడ వ్రాయవలయును, ఏ రీతిని వ్రాయవలయును అను విషయమున లోకమునకంతకును ఒకే ఏర్పాటు జరిగియున్నచో నాకు ఈ ప్రసంగము చేయు పని లేకపోవును. అట్లు జరుగలేదు.

1983లో ఐబీఎం వారు ఎక్స్‌టీ అను పేరుగల కంప్యూటరును హార్డ్ డిస్కుతో సహా అమ్మకమునకు పెట్టిరి. దానితో కూడ వచ్చిన డాస్ 2.0 అను వ్యవస్థ డిస్కు మొట్టమొదటి మడిలో ఒక పట్టికను వ్రాయుట ఆరంభించెను. దీనిని ఎంబీఆర్ అందురు. దాని ఏర్పాటు చూడుడు. 512 బైట్లలో మొదటి 446 బైట్లు యంత్రమును మేలుకొలిపెడి చిన్న ఆదేశమాలకు కేటాయించిరి. చివరి రెండు బైట్లు రాజముద్ర వంటివి. పదహారంకెల లెక్కలో వానిని 55, ఏఏ అని వ్రాయుదురు. ముద్ర లేనిచో యంత్రము పట్టికను నమ్మదు. ఆదేశమాల పోను, ముద్ర పోను, మిగిలినది 64 బైట్లు. అందులో ఒక్కొక్కటి 16 బైట్లుగా నాలుగు పంక్తులు. నాలుగే. అన్నదమ్ములు ఐదుగురైనచో ఐదవవానికి ఆ పట్టికలో చోటు లేదు. తరువాత ఆ నాలుగింటిలో ఒకదానిని ఉమ్మడి సంచిగా చేసి, అందులో మరికొన్ని చిన్న భాగములను గొలుసుకట్టుగా అమర్చెడి ఉపాయము కనిపెట్టిరి. ఆ ఉపాయము పని జరిపినది గాని, గొలుసులో ఒక కడియము తెగినచో ఆవలి భాగములన్నియు కనబడకుండ పోవును.

ప్రతి పంక్తిలోను ముఖ్యముగా మూడు సంగతులుండును. భాగము ఏ మడిలో మొదలగును? ఎన్ని మళ్లు? అది ఏ జాతిది? ఈ జాతిని తెలుపుటకు ఒకే ఒక బైటు నిచ్చిరి. మన అడంగలులో మాగాణి, మెట్ట, పోరంబోకు అని వ్రాసినట్లే ఇందులో విండోస్ వారి భాగమునకు 07 అనియు, లినక్స్ భాగమునకు 83 అనియు గుర్తులు. కరణీకములు 1984లో మన రాష్ట్రమున రద్దయినవి గాని, వ్రాతలో ఒక అక్షరము మారినచో భూమి జాతియే మారెడి వైనము మీకు నేను చెప్పవలసిన పని లేదు.

చిక్కు ఈ గుర్తుల పంపకములోనే మొదలైనది. ఏ వ్యవస్థకు ఏ గుర్తు అని నిర్ణయించెడి అధికారి ఎవరును లేరు. ఎవరికి తోచిన సంఖ్యను వారు తీసికొనిరి. సన్ అను సంస్థవారి సొలారిస్ వ్యవస్థ, ఇంటెల్ జాతి యంత్రములపై నడుచు రూపమున, తన భాగమునకు 82 అను గుర్తును పెట్టుకొనెను. లినక్స్ వారును అదే 82ను తమ తాత్కాలిక వాడుక భాగమునకు పెట్టుకొనిరి. ఈ తాత్కాలిక భాగము ఎట్టిదనగా, జ్ఞాపకశక్తి చాలనప్పుడు యంత్రము చిత్తుకాగితముగా వాడి పారవేసెడి స్థలము. అందులో దాచుకొనదగిన దేదియు ఉండదు. ఇక ఒకే డిస్కులో ఈ రెండు వ్యవస్థలను ఉంచినవాని గతి యోచింపుడు. ఒకరి గర్భగుడి మరియొకరి కంటికి చెత్తకుండీగా కనబడును. సొలారిస్ వారు తరువాత తమ గుర్తును బీఎఫ్‌గా మార్చుకొనిరి గాని, పాత డిస్కులు పాత గుర్తుతోనే ఉన్నవి గదా.

ఇట్టిదే బీఎస్‌డీ కుటుంబపు కథ. 386బీఎస్‌డీ అను వ్యవస్థకు ఏ5 అను గుర్తు ఉండెను. దాని సంతతి ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ అని చీలినది. ఇంటిపేరు ఒకటే, గుర్తు ఒకటే, వాడుక మాత్రము వేరు. చివరకు ఏ5 ఫ్రీబీఎస్‌డీకి నిలిచినది. ఓపెన్‌బీఎస్‌డీ ఏ6ను, నెట్‌బీఎస్‌డీ ఏ9ను తీసికొనినవి. ఈ కుటుంబమున మరియొక విశేషము గలదు. వీరు పై పట్టికలోని ఒక భాగమును తీసికొని, దాని లోపల డిస్క్‌లేబుల్ అను తమ సొంత పట్టికను మరల వ్రాసికొందురు. పెద్ద పంపకములో తమకు వచ్చిన వాటాను లోలోపల తాము పంచుకొని, ఆ కాగితమును సర్కారు రికార్డులో ఎక్కింపనట్టు. వెలుపలి వ్యవస్థకు ఒక్క వాటాయే కనబడును, లోపలి గట్లు కనబడవు.

ఆపిల్ వారు మొదటినుండియు వేరు త్రోవ పట్టిరి. వారి మెకింటోష్ యంత్రములలో ఆపిల్ పార్టిషన్ మ్యాప్ అని వేరొక పట్టిక యుండెడిది. మొదటి మడిలో వారి ముద్ర వేరు; రెండవ మడి నుండి ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క మడిని పూర్తిగా కేటాయించి వివరము వ్రాసెడివారు. ఆ పట్టికకు సైతము ఒక భాగమని పేరు పెట్టి, దానిని ఆ పట్టికలోనే ఒక పంక్తిగా ఎక్కించెడివారు. లెక్కల చిట్టా తనను తాను లెక్కలో చూపుట నాకు మిక్కిలి సొగసుగా తోచును. కాని సొగసు ఎవరికి కావలయును? అట్టి డిస్కును విండోస్ యంత్రమునకు తగిలించినచో, ఆ యంత్రము తనకు అలవాటైన 55, ఏఏ ముద్రకై వెదకును, అది కానరాదు, కావున ‘ఈ డిస్కు ఇంకను వాడుకకు సిద్ధము కాలేదు, సిద్ధము చేయుదునా?’ అని అడుగును. అబద్ధమాడు ఉద్దేశము దానికి లేదు. తన లిపి గాని దస్తావేజును చూచి ఖాళీ కాగితమని పొరబడిన గుమాస్తా వంటిది అది.

ఎవరి పట్టిక వారిదిగా ఇరువది యేండ్లకు పైగా గడచినవి. మార్పును తెచ్చినది సద్బుద్ధి కాదు, డిస్కుల పొడవు. ఎంబీఆర్ పంక్తిలో మడి సంఖ్యను వ్రాయుటకు 32 ద్వ్యంకముల చోటు మాత్రమే గలదు. అందులో పట్టెడి వేర్వేరు సంఖ్యలు 429,49,67,296. దీనిని 512చే గుణించినచో 2,19,902 కోట్ల బైట్లు వచ్చును, అనగా రెండు టెరాబైట్ల పైచిలుకు. 1983లో ఆ ఎక్స్‌టీ యంత్రపు డిస్కు ఒక కోటి బైట్లది. నాటివారికి ఈ హద్దు ఆకాశమంత ఎత్తుగా కనబడి యుండును. నేడు మూడు, నాలుగు టెరాబైట్ల డిస్కు అంగడిలో సామాన్యము. ఎంబీఆర్ పట్టిక గల నాలుగు టెరాబైట్ల డిస్కులో, ఆవలి సగమునకు చిరునామాయే ఉండదు. డబ్బు పోసి కొన్న పొలములో సగము సర్వేకు ఎక్కకపోవుట ఎట్టిదో అట్టిది.

క్రొత్త పట్టిక పేరు జీపీటీ. ఇంటెల్ సంస్థవారు 1990ల చివర తమ ఇటానియం యంత్రముల కొరకు ఈఎఫ్ఐ అను క్రొత్త మేలుకొలుపు పద్ధతిని తయారుచేసినప్పుడు అందులో ఒక అంగముగా దీనిని రచించిరి. 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరమ్ అను ఉమ్మడి సంఘము తరువాత దీని బాధ్యత వహించినది. ఇందులో మడి సంఖ్యకు 64 ద్వ్యంకముల చోటిచ్చిరి గనుక హద్దు సమస్య మన మనుమల మనుమలకును రాదు. పంక్తులు నాలుగు గాక సాధారణముగా 128. జాతి గుర్తుకు ఒక బైటు గాక పదహారు బైట్లు. రెండు సంస్థలు వేర్వేరుగా కల్పించుకొన్నను ఆ గుర్తులు కలిసిపోవుట దాదాపు అసాధ్యము. అన్నింటికంటె నాకు నచ్చినది ఒకటి గలదు. పట్టికను డిస్కు మొదట ఒకసారియు, డిస్కు చివర మరియొకసారియు వ్రాయుదురు. ప్రతి ప్రతికిని సరిచూపు సంఖ్య యుండును. ఒక ప్రతి చెడినచో ఆ సంఖ్య సరిపోదు. అప్పుడు రెండవ ప్రతిని చూచి బాగుచేయవచ్చును. రిజిస్ట్రారు కచేరీలో ఒక నకలు, ఇంటి పెట్టెలో ఒక నకలు ఉంచుకొనెడి మనకు ఇది వింత కాదు. ఎంబీఆర్ కాలమున మాత్రము ఒక్క మడి చెడినచో పట్టిక యంతయు పోయెడిది.

ఇక్కడ రచయితలు చూపిన ముందుచూపును మీతో చెప్పక తప్పదు. జీపీటీ పట్టికను రెండవ మడి నుండి వ్రాయుదురు. మొదటి మడిని ఖాళీగా విడిచినచో పాత వ్యవస్థలు వచ్చి, ‘ఇది బీడు’ అని నాగలి కట్టును. అందుచేత మొదటి మడిలో పాత పద్ధతి ప్రకారమే ఒక ఎంబీఆర్‌ను వ్రాసి, అందులో ఒకే పంక్తి పెట్టి, డిస్కు అంతయు ఈఈ అను జాతి భాగమని చాటిరి. ఈఈ అనగా నేమో పాతవానికి తెలియదు. కాని ఎవరిదో ఆక్రమణలో నున్నదని మాత్రము తెలియును గనుక తనంతట వ్రాయబోవదు. దీనిని రక్షక ఎంబీఆర్ అందురు. చదువురాని బాటసారికై చేని మొదట దిష్టిబొమ్మ నిలిపినట్టు.

విండోస్ ఎక్స్‌పీ మన దేశమున ఎన్ని కచేరీలలో ఎన్ని యేండ్లు పనిచేసినదో మీలో అనేకులకు తెలియును. దాని 32 ద్వ్యంకముల రూపము జీపీటీని చదువనేరదు. ఆ దిష్టిబొమ్మను మాత్రమే చూడగలదు. తరువాత వచ్చిన విస్టా మొదలు అన్ని విండోస్ వ్యవస్థలును జీపీటీ డిస్కులోని కాగితములను చదువగలవు. అయితే చదువుట వేరు, ఆ డిస్కు నుండి మేలుకొనుట వేరు. జీపీటీ డిస్కు నుండి విండోస్ మేలుకొనవలయునన్నచో యంత్రము యూఈఎఫ్ఐ పద్ధతిది కావలయును. లినక్స్ ఈ విషయమున కొంత ఉదారమైనది: పాత బయాస్ పద్ధతి యంత్రముపైనను, ఒక చిన్న ప్రత్యేక భాగమును కేటాయించినచో, జీపీటీ నుండి మేలుకొనగలదు. పట్టికలను చదువుటలోను లినక్స్‌కు మించినది లేదు. ఎంబీఆర్, జీపీటీ, ఆపిల్, బీఎస్‌డీ, సన్, అమీగా, అటారీ, అన్నియు దానికి తెలియును. అందుచేతనే ఏ యంత్రమునకును లొంగని డిస్కు నా యొద్దకు వచ్చినచో నేను మొదట లినక్స్ తెరతును.

ఆపిల్ వారు 2006లో ఇంటెల్ చిప్పులకు మారినప్పుడు జీపీటీని స్వీకరించిరి. ఆ యేడే బూట్ క్యాంప్ అను సాధనమునిచ్చి, తమ యంత్రముపై విండోస్ ఎక్స్‌పీని సైతము నడుపుకొనవచ్చుననిరి. ఎక్స్‌పీకి జీపీటీ రాదు గదా, ఎట్లు? ఒకే డిస్కులో రెండు పట్టికలను వ్రాసిరి. జీపీటీలో అన్ని భాగములును ఉండును. మొదటి మడిలోని ఎంబీఆర్‌లో దిష్టిబొమ్మతో పాటు కొన్ని నిజమైన భాగములును ఉండును. మాక్ దీనిని చదువును, ఎక్స్‌పీ దానిని చదువును. ఈ సంకర పట్టిక యూఈఎఫ్ఐ నియమములలో లేనిది. ఒకే పొలమునకు రెండు పట్టాదారు పుస్తకములుండి, ఒకదానిలో దిద్దుబాటు చేసి రెండవదానిలో చేయనిచో ఏమగునో అదే ఇక్కడను అయ్యెడిది. ఒక వ్యవస్థలో భాగమును పెంచినవారు రెండవ వ్యవస్థను మేలుకొలుపలేక తిప్పలు పడిరి. 2020 తరువాత ఆపిల్ సొంత చిప్పులతో వచ్చిన యంత్రములలో బూట్ క్యాంప్ లేదు గాని, పాత యంత్రములు ఇంకను కొందరి యిండ్లలో నున్నవి.

జీపీటీ గుర్తులు కలిసిపోవుట దాదాపు అసాధ్యమంటిని. కలిసిపోలేదు; కలిపిరి. లినక్స్ వారు మొదట తమ భాగమునకు వేరు గుర్తు కల్పించుకొనక విండోస్ సామాన్య భాగపు గుర్తునే వాడుకొనిరి. తత్ఫలితముగా రెండు వ్యవస్థలును గల యంత్రమున విండోస్ ఆ లినక్స్ భాగమును తనదిగా భావించి, లోపలి వ్రాత తన లిపి కాదు గనుక ‘ఫార్మాట్ చేయుదునా?’ అని అడిగెడిది. పట్టిక చక్కగానున్నను, పట్టికలో వ్రాసిన జాతి తప్పైనచో అపాయమే. ఆ మీదట లినక్స్ పనిముట్ల రచయితలు కలిసి తమకు వేరు గుర్తును ఏర్పరచుకొనిరి. దాని మొదటి అక్షరములు 0ఎఫ్‌సీ63డీఏఎఫ్. ఇప్పటి పనిముట్లు దానినే వ్రాయును.

ఇక నా యెదుట జరిగిన ఒక సంగతి చెప్పెదను. ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన ఒక పెద్దమనిషి తమ చుట్టుప్రక్కల గ్రామములలోని దేవాలయ శాసనములకు పదేండ్ల పాటు ఛాయాచిత్రములు తీసి, మూడు టెరాబైట్ల బయటి డిస్కులో దాచెను. ఆ శాసనములలో కొన్ని రాళ్లు రోడ్డు విస్తరణలో ఇప్పుడు లేవు. ఒకనాడు డిస్కును మోసెడి పెట్టె చెడినది. లోపలి డిస్కు బాగుగనే యుండుటచే ఎవరో దానిని తీసి వేరొక పెట్టెలో పెట్టిరి. యంత్రము ఫార్మాట్ ప్రశ్న వేసినది. ఆయన నా యొద్దకు వచ్చెను.

‘మాస్టారూ, ఎవరైనను సరే అని నొక్కిరా?’ అంటిని.

‘లేదు బాబూ, నాకు అర్థముకాని కాగితముపై నేను ఏనాడును సంతకము చేయలేదు’ అనెను.

ఆ మాట వినగనే నాకు సగము భారము దిగినది. లినక్స్ యంత్రమునకు తగిలించి మొదటి మడిని చదివితిని. ఎంబీఆర్ పట్టిక నిక్షేపముగా నున్నది. భాగము 256వ మడిలో మొదలగునని వ్రాసియున్నది. 256వ మడిని తెరచి చూచితిని. అచ్చట ఏమియు లేదు. మూడు టెరాబైట్ల డిస్కునకు ఎంబీఆర్ ఎట్లు చాలినది అను ప్రశ్నలోనే జవాబు గలదు. కొన్ని బయటి పెట్టెలు ఎక్స్‌పీ వంటి పాత వ్యవస్థలకు పెద్ద డిస్కులను చూపుటకై, ఒక్కొక్క మడి 512 బైట్లు గాదు, 4096 బైట్లని యంత్రమునకు చెప్పును. ఎనిమిది మళ్లను ఒక మడిగా చెప్పినందున పాత పట్టిక హద్దు కూడ ఎనిమిది రెట్లు పెరుగును. ఉపాయము మంచిదే. కాని ఆ పెట్టె పోయినప్పుడు కొలబద్ద కూడ దానితోనే పోయినది. క్రొత్త పెట్టె మడి అనగా 512 అని చెప్పుచున్నది. పట్టికలో 256 అను సంఖ్య మాత్రము మారలేదు. పాత గొలుసుతో కొలిచి వ్రాసిన దస్తావేజును క్రొత్త గజముతో కొలిచినట్లైనది. 256ను 4096చే గుణింపగా 10,48,576. దానిని 512చే భాగింపగా 2048. 2048వ మడిని తెరచితిని. భాగపు మొదటి పుట అచ్చటనే యున్నది.

తరువాతి పని ఓర్పుతో కూడినది గాని కష్టము కాదు. డిస్కుపై అక్షరమైనను వ్రాయక, ఒక మడి 4096 బైట్లని లెక్కించునట్లు లినక్స్‌కు చెప్పి, చదువుటకు మాత్రమే తెరచి, అన్ని చిత్రములకును వేరొక డిస్కులో నకలు తీసితిమి. రాత్రి యంతయు పట్టినది. మాస్టారు కుర్చీ విడువక ఒక్కొక్క ఊరి పేరు తెర మీద పోవుచుండగా చదువుకొనుచు కూర్చుండెను. ఆయన ఆ మీట నొక్కియున్నచో ఆ 2048వ మడి ప్రాంతము చెరిగియుండెడిదని చెప్పలేము. ఫార్మాట్ వేరొక చోట వ్రాసియుండవచ్చును. కాని ఆ జూదము ఆడవలసిన పని ఆయనకు కలుగలేదు.

ఇంతవరకు పట్టికను గూర్చి చెప్పితిని. పట్టిక సరిపడినంత మాత్రమున పని పూర్తికాదు. గట్టు తెలిసిన తరువాత చేనిలోని పైరు తెలియవలయును గదా. భాగము లోపల కాగితములను అమర్చెడి పద్ధతిని ఫైల్ సిస్టమ్ అందురు. విండోస్ వారిది ఎన్‌టీఎఫ్ఎస్, లినక్స్ వారిది ఎక్కువగా ఎక్స్‌ట్4, ఆపిల్ వారిది ఏపీఎఫ్ఎస్. మాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదువును గాని దానిపై వ్రాయదు. విండోస్ తనంతట తాను ఏపీఎఫ్ఎస్‌ను చదువనే చదువదు. అమెరికా నుండియో ఆస్ట్రేలియా నుండియో వచ్చిన కుమారుడు తన మాక్ యంత్రమున నింపి తెచ్చిన డిస్కు ఇంటి యంత్రమున తెరవబడకుండుటకు చాలసార్లు ఇదియే కారణము. అన్ని వ్యవస్థలును చదువనూ వ్రాయనూ గలిగినది ఎక్స్‌ఫ్యాట్ అను పద్ధతి. మైక్రోసాఫ్ట్ వారు 2019లో దాని వివరములను బహిరంగపరచిరి. 2020 నుండి లినక్స్‌లో చక్కని రూపమున కుదిరినది. ఇచ్చిపుచ్చుకొనెడి డిస్కు నకు ఎక్స్‌ఫ్యాట్ మేలు. పట్టిక మాటకు వచ్చినచో, రెండు టెరాబైట్లు దాటినదానికి జీపీటీ తప్పదు. చిన్న పెన్‌డ్రైవును టెలివిజన్‌కు గాని పాటల పెట్టెకు గాని తగిలింపదలచినచో ఎంబీఆరే మంచిది, అట్టి పెట్టెలలో కొన్ని జీపీటీని ఎరుగవు.

ఈ విషయమును ఇప్పుడే చెప్పుటకు ఇంకొక కారణము గలదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సామాన్య సంరక్షణ ముగిసినది. విండోస్ 11 యూఈఎఫ్ఐ లేని యంత్రములను అంగీకరింపదు. కావున బాగుగ పనిచేయుచున్న పాత యంత్రములపై లినక్స్ పెట్టుకొనువారు ఎక్కువగుచున్నారు. పాత వ్యవస్థను తీసివేయక ప్రక్కనే క్రొత్తదానిని ఉంచుకొందమని మీ యింటి పిల్లవాడు అనవచ్చును. అతనిని అడ్డగింపవలదు. కాని మూడు ప్రశ్నలు వేయుడు. డిస్కు పట్టిక ఎంబీఆరా, జీపీటీయా? యంత్రము పాత బయాస్ పద్ధతిని మేలుకొనుచున్నదా, యూఈఎఫ్ఐ పద్ధతినా? రెండు వ్యవస్థలును ఒకే పద్ధతిని మేలుకొనునట్లు పెట్టుచున్నాడా? ఒకటి పాత పద్ధతిని, ఒకటి క్రొత్త పద్ధతిని పెట్టినచో, ప్రారంభమున ఇది కావలెనా అది కావలెనా అని ఎన్నుకొనెడి జాబితాలో రెండును కనబడవు. పిల్లవాడు తటాలున జవాబు చెప్పినచో సంతోషము. తడబడినచో ముందుగ నకలు తీయుమనుడు. తడబడకున్నను తీయుమనుడు.

పొరబాటున ఎవరైన ‘సరే’ నొక్కిరనుకొందము. వెంటనే డిస్కును విప్పి ప్రక్కన పెట్టవలయును. దానిపై క్రొత్తగా ఏదియు వ్రాయరాదు. పట్టిక మాత్రమే చెరిగినచో లోపలి కాగితములు చాలవరకు ఉన్నచోటనే ఉండును. టెస్ట్‌డిస్క్ అను ఉచిత సాధనము డిస్కును మొదటినుండి చివరివరకు వెదకి, భాగముల ఆనవాళ్లను పట్టి, పట్టికను మరల వ్రాయగలదు. దానితో పాటు వచ్చెడి ఫొటోరెక్ పట్టికతో నిమిత్తము లేకయే చిత్రములను ఏరగలదు. పేర్లు మాత్రము దక్కవు. అనుభవజ్ఞునిచే చేయింపుడు. చేయించునప్పుడు అసలు డిస్కుపై గాక దాని పూర్తి నకలుపై చేయుమని కోరుడు.

మాస్టారు ఇప్పుడు తన రెండు డిస్కుల మీదను చిన్న కాగితములు అంటించినారు. ఏ యంత్రమున తయారైనది, పట్టిక ఏది, లోపలి పద్ధతి ఏది, ఏ తేదీన నకలు తీసినది, అన్నియు గుండ్రని అక్షరములతో తెలుగున వ్రాసినారు. రెండవ డిస్కు వారి కుమార్తె ఇంట, వేరొక ఊరిలో నున్నది.